ఉదకుంభము, మీనము, గృహస్థుడు

ద్రవిడదేశాధిపతియైన సత్యవ్రతుడు కృతమాలానదిలో నిలిచి తర్పణము విడుచుచుండగా ఆయన దోసిటినీటిలోనికి ఒక చిరుచేప వచ్చినదనియు, ఆయన దానిని తిరిగి నదిలో విడిచిపెట్టగా అది తన్ను తనజాతివారి నోటికే అప్పగింపవలదని దీనముగా వేడుకొన్నదనియు, దయార్ద్రహృదయుడైన ఆ రాజర్షి దానిని కలశజలమున నుంచి ఆశ్రమమునకు కొనిపోయెననియు భాగవతము అష్టమస్కంధమున చెప్పబడియున్నది. తెల్లవారునప్పటికి కలశము చాలకపోయెను. పెద్ద నీటికాగులో నుంచగా ముహూర్తమాత్రమున మూడుమూరలు పెరిగి అదియు ఇరుకయ్యెను. సరస్సున విడువగా సరస్సును మించెను. తుదకు సముద్రమే శరణ్యమయ్యెను. పురాణప్రవచనము చేయువారు ఈ ఘట్టమును వేగముగా దాటి, ప్రళయజలధిని, సప్తర్షులతోడి నావను, వాసుకి యను పగ్గమును వర్ణించుటకు త్వరపడుదురు; వారి కథకు అది తగినదే. నా దృష్టి మాత్రము ప్రళయమునకు ముందున్న ఆ పాత్రలపై నిలిచినది. ఒక ప్రాణి రక్షణభారమును వహించినవాడు ఆ ప్రాణి పెరిగినకొలది పాత్రను పెంచవలసినవాడే కాని, పాత్రకు తగినట్లు కుదించుకొనుమని ప్రాణిని శాసించుటకు అధికారి కాడన్న ధర్మము అందు స్పష్టముగా గోచరించుచున్నది.

శతపథబ్రాహ్మణములోని ప్రాచీనకథ ఇంతకంటెను ఆలోచింపదగినది. అందు ఉదయమున చేతులు కడుగుకొనుచున్న మనువు చేతికి చిక్కిన చేప, రక్షణ కోరిన ఆ క్షణముననే తన భవిష్యత్తు నంతటిని ఆయనకు విన్నవించినది: మొదట కుండలో నుంచవలెను, కుండను మించినప్పుడు గొయ్యి త్రవ్వి అందుంచవలెను, గోతిని మించినప్పుడు సముద్రమునకు చేర్చవలెను. భాగవతమున రాజు ఒక్కొక్క మెట్టున ఆశ్చర్యపడుచు నేర్చుకొన్న దానిని బ్రాహ్మణమున మనువు ముందుగనే విన్నాడు. విని, తెలిసి, సమ్మతించి, ఆ తరువాతనే కుండను తెచ్చినాడు. ఈ రెండు కథలలో ఏది గృహస్థునకు ఆదర్శమని నన్నడిగినచో నేను రెండవదాని పక్షమునే వహింతును. అవతారపురుషుని మహిమవలన సత్యవ్రతునకు ప్రతి మెట్టునను అంతకంటె పెద్ద జలాశయము దొరకినది. మనకట్టి భాగ్యము లేదు.

ఈ కథలను ఇప్పుడు తలచుకొనుటకు కారణము కలదు. హైదరాబాదులోను, విజయవాడలోను, విశాఖపట్టణములోను కొత్తగా ఇల్లు కట్టుకొను సంపన్నులు కొందరు హాలుగోడలోనే ఇమిడియుండునట్లు ఏడెనిమిదడుగుల పొడవుగల అక్వేరియమును కోరుచున్నారు. దానిని ఏ దిక్కున నిలుపవలెనని వాస్తుజ్ఞుని అడుగుదురు. ఏ రంగు దీపము నీటికి శోభ తెచ్చునని అలంకరణ చేయువానిని అడుగుదురు. ఈ ప్రశ్నలను నేను తక్కువచేయను. సౌందర్యకాంక్ష మానవునకు సహజము, ఈశాన్యమున నీరుండవలెనన్న సంప్రదాయము ఇంటిల్లిపాదికిని మనశ్శాంతి నిచ్చునట్టిది. కాని వీనికంటె ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. నదియు, వానయు, ఋతువులును, ప్రవాహమును కలిసి ఒక జీవికి అనాదిగా చేయుచున్న సేవ నంతటిని ఇకపై ఈ గోడవెనుకనుండి నేనొక్కడనే చేయగలనా? చేయగలవానికి ఆ జీవిని తెచ్చుకొను అధికారము కలదు. చేయలేనివానికి, ఎంతటి ధనవంతుడైనను, లేదు. ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. ఐనను దీనికి సమాధానము బీములలోను, గొట్టములలోను, విద్యుత్తు తీగెలలోను చెప్పవలసియున్నది.

మొదట బరువు. ఎనిమిదడుగుల పొడవును, రెండున్నర అడుగుల వెడల్పును, అంతే లోతును గల తొట్టిలో సుమారు 1,400 లీటర్ల నీరు పట్టును. లీటరు నీరు కిలో తూగును గనుక, అద్దము, ఇసుక, రాళ్లు, పీఠము కలుపుకొన్నచో మొత్తము రెండు టన్నులకు అటునిటుగా నుండును. అంతయు రెండు చదరపు మీటర్లు కూడ లేని స్థలముపై నిలుచును. మన దేశపు నిర్మాణప్రమాణములు నివాసపు గదులలో మనుష్యుల, సామానుల నిమిత్తము చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారమును లెక్కగట్టుచుండగా, ఈ తొట్టిక్రింద అదే చదరపు మీటరుపై పడునది వేయి కిలోలు. పెండ్లికి వచ్చిన బంధుజనము గదినిండ నిలిచినను సాయంకాలమునకు వెడలిపోవుదురు. ఈ నీరు రాత్రింబవళ్లు, ఏండ్ల తరబడి కదలక నిలుచును, అట్టి నిత్యభారమునకు కాంక్రీటు మెల్లమెల్లగా వంగును. అందుచేత నేలయంతస్తున గట్టి పునాదిపై నిలుపుట ఉత్తమము. పైయంతస్తున తప్పనిసరియైనచో బీము లెక్కడ నున్నవో, స్లాబులోని ఇనుము ఏ దిక్కుగా పోవుచున్నదో ఎరిగిన ఇంజినీరు గోడలు లేవకముందే తన మాట చెప్పవలెను. పీఠము ఒక మూల రవ్వంత దిగినను అద్దపు అతుకులపై ఒత్తిడి వంకరగా పడును. క్రింది యంతస్తున మరియొక కుటుంబము నిద్రించుచుండునని స్మరించినచో ఈ లెక్క చేపల కొరకు మాత్రమే కాదని తెలియగలదు.

బరువును కొలువవచ్చును. దానికంటె గహనమైనది నీటిలో కంటికి కనబడక జరుగు వ్యాపారము. చేప ఏ నీటిలో శ్వాసించునో ఆ నీటిలోనే భుజించును, ఆ నీటిలోనే మలమును విడుచును. దాని మొప్పలనుండి ఎడతెగక వెలువడు అమోనియా దానికే విషము. నదిలో ఆ విషమును ప్రవాహము కొనిపోవును. తొట్టిలో దానిని హరించువారు సూక్ష్మజీవులు: ఒక తెగ అమోనియాను నైట్రైటుగా మార్చును, అదియు విషమే, మరియొక తెగ నైట్రైటును నైట్రేటుగా మార్చును, అది కొంతవరకు సహింపదగినది, దానిని మొక్కలును, మనము వారము వారము చేయు నీటిమార్పును తగ్గించును. ఈ సూక్ష్మజీవుల రహస్యమును 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ వెల్లడించినాడు. ఇవి కొత్త తొట్టిలోని ఇసుకపైనను ఫిల్టరులోని రాళ్లపైనను స్థిరపడుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. చేపలు పెంచువారు దీనినే సైక్లింగు అందురు. గృహప్రవేశమునాటికి అతిథులకు చూపవలెనని ముందురోజు నీరు నింపి, ఆ సాయంకాలమే చేపలను తెచ్చి వేయువాడు, తెలిసి చేసినను తెలియక చేసినను, ప్రాణులను విషములో దింపుచున్నాడు. ఈ ఆరువారముల నిరీక్షణమును నేను వ్రతమని పిలుతును. దీపము వెలుగును, నీరు కదలును, చేప మాత్రము లేదు. గృహస్థుడు కంటికి ఆననట్టియు, పేరైనను తెలియనట్టియు అల్పజీవులను పోషించుచుండును. తరువాత చేపలు వచ్చినప్పుడు వానిని పోషించువారు యథార్థముగా ఆ అల్పజీవులే. ఇంటి యజమాని ఆ పోషకులకు పోషకుడు మాత్రమే. ఈ సత్యము మనస్సునకు పట్టినవానికి అహంకారము కొంతయైనను సడలకపోదు.

ఇక గోడవెనుక గది. చూచువారికి కనబడు అద్దము ఒక భాగమైతే, కనబడని ఈ గది అంతకు తగ్గని భాగము. స్థలము చాలదని దీనిని ఇరుకుచేయువారే ఎక్కువ. పైతొట్టినుండి పొంగి దిగిన నీరు క్రిందనున్న సంపులో వడపోయబడి పంపు ద్వారా మరల పైకెక్కును. కరెంటు పోయిన క్షణమున పైనున్న నీరు కొంత క్రిందికి జారును. కావున సంపు నెన్నడును అంచువరకు నింపక, ఆ నీటికి చోటు విడిచియుంచవలెను. నేలకు వాలు ఉండవలెను, వాలు చివర నీరు పోవు తూము ఉండవలెను. ప్రతిదినము కొన్ని లీటర్ల నీరు ఆవిరియగును. ఆ ఆవిరి పోవుటకు ఎగ్జాస్టు ఫ్యాను లేనిచో సంవత్సరము తిరుగకమునుపే గోడలు చెమ్మగిల్లును. ఏప్రిలు, మే నెలలలో మన ప్రాంతపు ఎండలకు నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తగ్గును. చల్లబరచు యంత్రమును పెట్టినచో అది తీసిన వేడిని ఇంటివెలుపలికి పంపు మార్గమును కూడ చూడవలెను.

విద్యుత్తు విషయమున నన్ను చాలకాలము ఆలోచింపజేసిన ధర్మసందేహ మొకటి కలదు. తడిచేతితో తాకిన మనుష్యుని ప్రాణము కాపాడుటకు, రవ్వంత కరెంటు నీటిలోనికి పోయినంతనే మొత్తమును ఆపివేయు ఆర్‌సీసీబీ తప్పక ఉండవలెను. ఐతే అర్ధరాత్రి అది ఆగినచో పంపును ఆగును, ప్రాణవాయువు తగ్గి చేపలు తెల్లవారులోగా చావవచ్చును, ఫిల్టరులోని సూక్ష్మజీవులును నశింపవచ్చును. మనుష్యునా, మీనమునా, ఎవరిని కాపాడవలెను? మనుష్యునే యనుట నిస్సంశయము. కాని ఈ రెంటికిని పోటీ కలుగకుండ చేయుట మన చేతిలోనే యున్నది: రెండు వేర్వేరు లైన్లు, రెంటికిని వేర్వేరు రక్షణము, గాలిపంపునకు ఇన్వర్టరు. ధర్మసంకటములని మనము విలపించువానిలో పెక్కులు ముందుచూపు లేమివలన పుట్టినవే.

మనుస్మృతి గృహస్థునకు ఐదు హింసాస్థానములను చెప్పినది: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. వీనియందు తెలియకయే ప్రాణులు చచ్చుచుండును గనుక, తత్పాపపరిహారార్థము పంచమహాయజ్ఞములను విధించినది. భూతయజ్ఞము వానిలో నొకటి, తాను భుజింపకముందు ఇతరప్రాణులకు అన్నము పెట్టుట. కడవెడు నీళ్ల కుండనే హింసాస్థానముగా గణించిన ఆ సూక్ష్మదృష్టికి, హాలులో 1,400 లీటర్ల ఉదకుంభమును నిలిపి, అందు వేడుకకొరకు ప్రాణులను ఉంచుకొన్న మన సంగతి ఏమని తోచునో గదా! తెలియక జరుగు హింసకే నిత్యప్రాయశ్చిత్తము విధింపబడియుండగా, తెలిసి తెచ్చుకొన్న భారమునకు రోజూ గుప్పెడు మేత చల్లుట చాలునా? చాలదు. పైగా మితిమీరిన మేతయే మిగిలి కుళ్లి నీటిని చెరచును. ఇక్కడ భూతయజ్ఞమనగా నీటిని పరీక్షించుట, ఫిల్టరును కడుగుట, రాత్రివేళ దీపము లార్పుట. చేపకు కనురెప్ప లేదు. మనము అర్ధరాత్రివరకు హాలులో వెలిగించు వెలుగంతయు దాని కంటిలో పడుచునే యుండును. దాని ప్రక్కలనున్న సూక్ష్మేంద్రియరేఖ నీటిలోని ప్రతి కదలికను పసిగట్టును. తలుపు దబ్బున మూసినను, పెద్దస్వరముతో టెలివిజను మ్రోగినను దానికి తెలియును. 2003లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, పెదవులలోనికి బాధకలిగించు ద్రవ్యమును ఎక్కించిన ట్రౌటుచేపలు మేత ముట్టక, పెదవులను తొట్టి అడుగునున్న గులకరాళ్లకు రాచుకొనుచుండుట కనబడినది. చేపకు నొప్పి లేదను మాటను ఆశ్రయించి నిశ్చింతగా నుండుట ఇక ఎవరికిని తగదు.

చూచుటకును స్వాధీనము చేసికొనుటకును గల దూరము ఎంతటిదో పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండు చరిత్రలో నొక ఘట్టము తెలుపుచున్నది. 1850లో రాబర్టు వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఒక పాత్రలో రెండు బంగారుచేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపియుంచి, ఒకదాని విసర్జనము మరియొకదానికి ఆహారమగుట చూపినాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపలశాల తెరువబడినది. మరుసటియేడు ఫిలిప్ హెన్రీ గాస్ అక్వేరియమును గూర్చిన గ్రంథమును ప్రచురింపగా ఆ వేడుక దేశమంతట వ్యాపించినది. గాస్ ప్లిమత్ బ్రదరెన్ అను క్రైస్తవశాఖకు చెందిన మహాభక్తుడు. డెవను సముద్రతీరపు రాతిగుంటలలో ఆయన చూచినది తన ప్రభువు శిల్పకౌశలమును. ఆయన గ్రంథములు చదివినవారు బుట్టలతోను సీసాలతోను ఆ తీరమునకు పరుగెత్తి, ఆ గుంటలలోని పూవులవంటి ప్రాణులను ఊడ్చుకొనిపోయిరి. 1907లో ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ తన తండ్రిని గూర్చి వ్రాసిన గ్రంథములో ఆ వినాశమును వర్ణించి, తండ్రికి కూడ అది తెలిసి గొప్ప ఖేదము కలిగెనని చెప్పినాడు. ఆ భక్తుని భక్తియందు నాకు లేశమైనను సందేహము లేదు. ఆయన దర్శనమును ఇతరులకు పంచగలిగెను. దానితోడి వినయమును మాత్రము పంచలేకపోయెను. నేడును సముద్రపుచేపలను కోరువారు ఈ మాట తలచుకొనవలెను: మంచినీటి అలంకారమత్స్యములలో అధికభాగము పెంపకపు తొట్లలో పుట్టినవే, ఉప్పునీటివానిలో అధికభాగము పగడపుదిబ్బలనుండి పట్టి తెచ్చినవి. మొదటిసారి పెట్టుకొనువారికి సముద్రపుచేపలు వలదనియే నా నిశ్చితాభిప్రాయము.

మన పురాణములలో సౌభరిమహర్షి యమునాజలమున మునిగి తపస్సు చేయుచు, అందు విహరించు మీనదంపతులను చూచి, ఆ చూపువలననే సంసారవాంఛ కలిగి, మాంధాతృచక్రవర్తి కుమార్తెలను ఏబదిమందిని వివాహమాడినాడు. ఆ సౌభరియే మరియొక ఘట్టమున, మీనరాజును భక్షించిన గరుత్మంతునివలన తక్కిన చేపలు దుఃఖించుట చూచి, ఆ మడుగునకు రావలదని ఆయనను శపించినాడు. ఆ మడుగే తరువాత కాళియునకు ఆశ్రయమైనది. ఒకే నీరు, ఒకే కన్ను. ఒకసారి కోరికను పుట్టించినది, ఒకసారి కరుణను పుట్టించినది. హాలులోని అద్దము ముందు కూర్చున్న గృహస్థునకు ఈ రెంటిలో ఏది కలుగునో ముందుగా ఎవరు చెప్పగలరు? పిల్లలు గంటల తరబడి కదలక చూచుటయు, జ్వరపడిన వృద్ధులకు ఆ చూపుతో మనస్సు కుదుటపడుటయు నేనెరుగుదును; అందుచేతనే చేపలను ఇంట నుంచుకొనుటయే పాపమని శాసించువారితో నేను ఏకీభవింపను. శృంగేరిలో తుంగానదీతీరమున చేపలకు పేలాలు వేయు యాత్రికులకును ఆ చేపలకును నడుమ అద్దము లేదు, వల లేదు. అట్టి సంబంధమే ఉత్తమోత్తమము. నాగలాపురమున మత్స్యరూపుడైన వేదనారాయణుని దర్శించి వచ్చిన గృహస్థుడు తన ఇంటి తొట్టిని ఒక చిన్న పుష్కరిణిగా భావించినచో తప్పులేదు. అశోకచక్రవర్తి తన స్తంభశాసనమున కొన్ని పర్వదినములలో చేపలను చంపరాదనియు అమ్మరాదనియు ఆజ్ఞాపించినాడు. వేటను సంపూర్ణముగా మాన్పలేని లోకములో హద్దు గీయుట కూడ ధర్మమే యని ఆయన ఎరిగియుండెను.

నేను గీయు హద్దు చేప పెరుగుదలకు సంబంధించినది. దుకాణములలో షార్కు అను పేర వేలెడు పొడవున అమ్మబడు చేపలలో నొకటి, కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల చెరువులలో టన్నులకొలది పెంచబడు పంగాసు జాతిదే. అది మీటరును మించి ఎదుగగలదు. అమెజాను నదిది యగు ఎర్రతోక వాలుగయు అట్టిదే. సత్యవ్రతుని చేపవలె ఇవి కలశమును మించును, కాగును మించును; కాని వీనిని చేర్చుటకు మనకు సముద్రము లేదు. పెరిగిన చేపను జాలితో చెరువులోనో కాలువలోనో విడిచినచో ఏమగునో సక్కరుచేప చూపుచున్నది: తొట్టి అద్దపు పాచిని తినునని కొని తెచ్చిన ఆ దక్షిణామెరికా జీవి నేడు మన నదులలోను చెరువులలోను వ్యాపించి, ముళ్లతో వలలను చింపుచు, దయ్యపుచేప యని మత్స్యకారులచే తిట్టబడుచున్నది. ఆ తిట్టు తగిలినది ఎవరి కరుణకో! తొట్టిలోనుండి నదిలోనికి విడుచుట మోక్షమిచ్చుట కాదు. ఒక ప్రాణిభారమును వేయి ప్రాణులపైనను, వలపై బ్రతుకు కుటుంబములపైనను దించుట. కావున ఏ జాతి, ఎన్ని, పూర్తిగా పెరిగినప్పుడు ఎంత యను లెక్కను తొట్టి కొలతకంటె ముందుగా వ్రాసికొనవలెను. మనువునకు చేప చెప్పిన క్రమమదియే.

నీటిని గూర్చి ఒక్కమాట. వారమునకు పదోవంతు మార్చినను నెలకు ఐదారువందల లీటర్లగును. బోరునీటి కాఠిన్యము తగ్గించుటకు ఆర్‌ఓ పెట్టినచో అది ఇచ్చుదానికంటె తరచుగా ఎక్కువ నీటిని పారవేయును. ట్యాంకరు కొరకు బిందెలతో నిలుచు వీథిలో ఈ నీరు మోరీలోనికి పోరాదు. మంచినీటి చేపల తొట్టినుండి తీసిన నీరు మొక్కలకు మంచి ఎరువు, కావున దానిని పెరటిచెట్లకు చేర్చు గొట్టమును ప్లానులోనే గీయించవలెను.

బంగారుచేప సరిగ చూచుకొన్నచో పదేండ్లు, ఇరువదేండ్లు బ్రతుకును. ఇల్లు అంతకుముందే చేతులు మారవచ్చును, యజమాని గతింపవచ్చును, కొనినవానికి చేపలపై మనసు లేకపోవచ్చును. అట్టి వేళ గోడలో ఇమిడిన తొట్టిని గోడ పగులగొట్టకయే వెలికితీసి, శ్రద్ధగల మరియొకని ఇంటికి చేర్చుటకు వీలుండవలెను. ఇందుకు వెనుకగది తలుపు వెడల్పును, తలుపు దాటిన తరువాతి మలుపును తొట్టి పొడవుతో సరిచూడవలెను. సరిపోనిచో తొట్టినే రెండడుగులు తగ్గించుట మంచిది. ఇల్లింకను కాగితముపై నున్నప్పుడే ఈ కొలతలు చూచుకొని, తొట్టిని నడుపు విధానము నంతటిని ఇంటి దస్తావేజులతోపాటు వ్రాసియుంచవలెనని ఇల్లు కట్టుకొనువారిని కోరుచున్నాను.